బట్టమేక పక్షికి తీగ కనపడదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో జైసల్మేర్ యాత్ర మీద వచ్చిన వ్యాసం చదివాను. కోట, హవేలీలు, సమ్ దగ్గరి ఇసుక దిబ్బలు, ఒంటె సవారీ, రాత్రి గుడారాల ముందు పాటలు, ఆటలు అన్నీ బాగా రాశారు. చివర ఒక్క మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఊరు దాటితే ఇసుక తప్ప చూడ్డానికి ఏమీ లేదని రాశారు. ఈ జనవరిలో నేను అదే ఊరు దాటి, అదే సమ్ పక్కన, చీకటితో బయల్దేరి చీకటి పడేదాకా ఒక రోజంతా పక్షుల్ని చూస్తూ తిరిగాను. చూసినవి చూసినట్టు రాస్తాను. అందులో మన నంద్యాల జిల్లాకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది, ఇక్కడ ఒకప్పుడు తిరిగిన బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్), దాన్ని చంపే కరెంటు తీగల సంగతి. అసలు ఈ ఉత్తరం దాని కోసమే.

నేను విద్యుత్ శాఖలో 1983లో హెల్పర్‌గా చేరి, లైన్‌మన్‌గా, ఆ తర్వాత లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి 2020లో రిటైరయ్యాను. ముప్పై ఏడేళ్లు తీగలతోనే బతికాను. పక్షుల గురించి చదువుకున్నవాణ్ణి కాను. మా చిన్నల్లుడికి జోధ్‌పూర్‌లో ఉద్యోగం. సంక్రాంతి వెళ్లాక నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి నెల రోజులు ఉన్నాం. ఏడో తరగతి చదివే మనవరాలికి పక్షులంటే ప్రాణం. ఎప్పుడూ మెడలో బైనాక్యులర్స్ ఉంటాయి. ఒకరోజు అన్నం తింటూ, "తాతా, నువ్వు చిన్నప్పుడు బట్టమేక పక్షిని చూశావంట, అమ్మ చెప్పింది, నిజమేనా?" అని అడిగింది. చిన్నప్పుడు కాదు గానీ చూశాను అన్నాను. "అయితే ఇక్కడ ఇంకా ఉన్నాయి, పోదాం పద" అంది. ఆ ఒక్క మాట మీద ప్రయాణం కట్టాం. మా ఆవిడ మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. అల్లుడు, మనవరాలు, నేను కారులో బయల్దేరాం.

దారిలో ఫలోదీ దగ్గర ఖీచన్ అనే ఊళ్లో ఆగాం. చలికాలం మంగోలియా వైపు నుంచి వేల సంఖ్యలో వచ్చే కొంగల్లాంటి పక్షులు ఉంటాయక్కడ. బూడిద రంగు ఒళ్లు, నల్లటి మెడ, కంటి వెనక తెల్లటి కుచ్చు. కుర్జాలు అంటారు. ఊరివాళ్లు కట్టుకున్న ఆవరణలో రోజూ వాటికి గింజలు వేస్తారు. 1970ల్లో ఒక కుటుంబం మొదలుపెట్టిన పనిని ఇప్పుడు ఊరంతా నడుపుతోంది. 2025లో ఆ ఊరి చెరువులకు అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది. తీగలకు తగిలి కుర్జాలు పడిపోతుంటే ఊరివాళ్లే కోర్టుకెక్కి కొట్లాడారని అక్కడ గింజల మూటలు మోసే పెద్దాయన చెప్పాడు. అప్పుడు ఆ మాట విని ఊరుకున్నాను. మర్నాడు సాయంత్రం దాకా అది నాకు సరిగ్గా ఎక్కలేదు.

జైసల్మేర్‌లో రాత్రి పడుకుని తెల్లవారుజామున ఐదింటికే జీపెక్కాం. స్వెటరు మీద కోటు, దాని మీద దుప్పటి కప్పుకున్నా పళ్లు కొట్టుకున్నాయి. మా గైడు పాతికేళ్ల కుర్రాడు, సమ్ దగ్గరి పల్లెవాడు. వాళ్లది గొర్రెలు, మేకలు మేపుకునే కుటుంబం. మేము వెళ్లింది ఎడారి జాతీయ పార్కులో సుదాసరీ అనే చోటికి. పార్కు మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లు, జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. దాని లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, మందలున్నాయి. సుదాసరీ దగ్గర మాత్రం కంచె వేసి కొంత గడ్డి నేలను అచ్చంగా పక్షుల కోసం వదిలేశారు.

తెల్లవారాక చూస్తే నేను అనుకున్న ఎడారి కాదది. దిబ్బలు తక్కువ, గడ్డి ఎక్కువ. మోకాలెత్తు సేవణ్ గడ్డి, మధ్యలో జిల్లేడు పొదలు, ఆకుల్లేని కైర్ పొదలు, రాళ్ల నేల. అక్కడక్కడా ఒంటరిగా చెట్లు. "ఖేజ్రీ" అన్నాడు గైడు. దగ్గరికి వెళ్లి ఆకు తుంచి చూస్తే మన జమ్మి! దసరాకు మనం బంగారం అని పెద్దల చేతిలో పెట్టే ఆకే. దాని కాయలతో అక్కడ కూర వండుతారు, ఆకు మేకలకు వేస్తారు. రాజస్థాన్‌కు అది రాష్ట్ర వృక్షం. తెలంగాణకు కూడా అదే. మనవరాలు ఆకు ఒకటి పుస్తకంలో పెట్టుకుంది.

మొదటి గంట నాకేమీ కనపడలేదు. పిల్ల "అదిగో, అదిగో" అంటుంటే నేను మట్టిగడ్డల్నే చూస్తున్నాను. తర్వాత ఒక మట్టిగడ్డ నడిచింది. భరత పక్షుల జాతివట, నేల రంగే వాటి రంగు. కదలకపోతే పక్కనే ఉన్నా తెలియవు. ఒకసారి ఎలా చూడాలో కంటికి అలవాటయ్యాక, ఆ బయలంతా ప్రాణం ఉన్నట్టు తోచింది. రాయి మీద తోక ఆడిస్తూ నలుపూ తెలుపూ పిట్ట. సన్నకాళ్ల మీద పరుగెత్తి ఠక్కున ఆగి, మళ్లీ పరుగెత్తే లేత ఇసుక రంగు పిట్ట. గుంట ముందు ఎండ కాచుకుంటున్న ఎడారి నక్క. దూరంగా మూడు చింకారా జింకలు. నేల మీద కోడిలాగా కూర్చున్న పెద్ద గద్ద. అంత పెద్ద గద్ద నేల మీద ఎందుకు కూర్చుందని అడిగితే, గడ్డి మైదానాల నుంచి వలస వచ్చిన గద్ద, దానికి చెట్టు కంటే నేలే అలవాటు అన్నాడు గైడు.

నెత్తిన విసనకర్రలాంటి కుచ్చు ఉన్న పిట్ట ఒకటి జీపు ముందే మట్టి పొడుచుకుంటూ కనపడింది. ఇది నాకు తెలుసు, మా పొలాల్లోనూ ఉంటుంది. గైడు "హుద్‌హుద్" అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. 2014 అక్టోబరులో విశాఖను ఊడ్చిపెట్టిన తుఫాను పేరు అది. ఒమన్ దేశం వాళ్లు ఆ పక్షి పేరు పెట్టారని అప్పుడు పేపర్లలో చదివాను. మా జిల్లా నుంచి కూడా బ్యాచులు బ్యాచులుగా వెళ్లి అక్కడ స్తంభాలు నిలబెట్టాం. వంగిన ఇనుప స్తంభాలు, రోడ్డంతా తీగల చిక్కులు, అవన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఆ తర్వాత విశాఖలో తీగల్ని భూమిలోకి దించే పని పెద్ద ఎత్తున జరిగింది. ఈ సంగతి మళ్లీ ఎత్తుతాను.

తొమ్మిదిన్నరకు ఒక నీటి గుంట దగ్గర జీపు ఆపి, ఇంజను కట్టేసి, మాట్లాడకుండా కూర్చోమన్నాడు. పది నిమిషాలకు గాల్లో ఒక రకమైన గురగుర శబ్దం. తల ఎత్తేసరికి పావురాల్లాంటి పక్షులు గుంపుగా చుట్టూ తిరుగుతున్నాయి. భట్ తీతర్ అంటారట. నేరుగా నీటి మీద వాలవు. కాస్త దూరంగా దిగి, మెడలు చాచి నాలుగు వైపులా చూసి, చిన్న చిన్న అడుగులతో అన్నీ కలిసి ఒకే వరసలో నీళ్ల దగ్గరికి వచ్చాయి. గబగబా తాగాయి. నేను గడియారం చూసుకున్నాను, పావు నిమిషం కూడా పట్టలేదు. ఒకటి లేవగానే అన్నీ లేచాయి. ఎండాకాలం పిల్లలు ఉన్నప్పుడు మగపక్షి నీళ్లలో పొట్ట ఆనించి కూర్చుంటుందట. ఆ పొట్ట ఈకలు స్పాంజిలా నీళ్లు పీలుస్తాయి. అలా తడిసిన పొట్టతో మైళ్ల దూరం ఎగిరి వెళితే, పిల్లలు ఆ ఈకల్ని చప్పరించి దాహం తీర్చుకుంటాయి. మా మనవరాలు పుస్తకం తెరిచి "నిజమే తాతా, ఇక్కడ రాశారు" అని చూపించింది. నీళ్లు మోసే తండ్రి అన్నమాట. నాకు ఆ రోజంతా ఆ గుంట దగ్గరే కూర్చోవాలనిపించింది.

బట్టమేక కనపడింది పదకొండు దాటాక. గైడు టెలిస్కోపును కాళ్ల మీద నిలబెట్టి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా పక్కకు జరిగాడు. నేను కన్ను పెట్టాను. గడ్డిలోంచి తెల్లటి మెడ నిటారుగా లేచి ఉంది. నెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు. కింద గోధుమ రంగు ఒళ్లు, గడ్డిలో సగం మునిగి. అరకిలోమీటరు దూరంలో ఉంది. ఒక అడుగు వేసి ఆగింది. మళ్లీ ఒక అడుగు. పొలం చూసుకోవడానికి వచ్చిన పెద్దరైతు నడిచినట్టు, ఏ తొందరా లేకుండా. దాని వెనకే ఇంకొకటి, కాస్త చిన్నది. ఆడపక్షి అన్నాడు. అక్కడ దాని పేరు గోడావణ్, రాజస్థాన్ రాష్ట్ర పక్షి. మగది మీటరు ఎత్తు ఉంటుంది, పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచంలో కొన్నే. ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. కుక్క గానీ నక్క గానీ చూస్తే ఆ గుడ్డు అంతే.

పిల్ల తన వంతు చూసి, చాలాసేపటి దాకా టెలిస్కోపు వదల్లేదు. "ఎన్ని ఉన్నాయంకుల్ మొత్తం?" అని గైడును అడిగింది. దేశం మొత్తం మీద అడవిలో ఉన్నవి నూటయాభై లోపే, చాలావరకు ఈ జైసల్మేర్ చుట్టుపక్కలే అన్నాడు. వాళ్ల బడిలో వాళ్ల ఒక్క తరగతిలో ఎంతమందో లెక్క వేసుకుందేమో, ఏమీ మాట్లాడలేదు.

నేను మొదటిసారి దాన్ని చూసింది 1986లో, వానాకాలం. మా జిల్లాలో మిడుతూరు వైపు వ్యవసాయ సర్వీసుల కోసం 11 కేవీ (11 వేల వోల్టుల) లైను లాగుతున్నాం. గుంతలు తవ్వి స్తంభాలు నిలబెట్టే పని. పొద్దున్నే జొన్న చేల అవతల బీడులోంచి ఒక శబ్దం వచ్చింది. ఖాళీ కుండలో నోరు పెట్టి మూలిగినట్టు "హూ...మ్" అని, ఆగి ఆగి. మేం ఎద్దేమో అనుకున్నాం. అక్కడ గొర్రెలు మేపుతున్న ముసలాయన నవ్వి, "బట్టమేక నాయనా, మగది, ఆడదాన్ని పిలుస్తాంది" అన్నాడు. చూస్తే మెడ కింద తెల్లటి సంచి నేలకు తగిలేటట్టు వేలాడేసుకుని, తోక పైకి మడిచి, బీడు మధ్యలో నిలబడి ఉంది. మేం నలుగురం పారలు పక్కన పెట్టి చూశాం. రెండేళ్ల తర్వాత, 1988లో, ఆ పక్షి కోసమే అక్కడి రోళ్లపాడు దగ్గర అభయారణ్యం ప్రకటించారు. 614 హెక్టార్లు, అంటే పదిహేను వందల ఎకరాలు. బట్టమేక కోసం మన రాష్ట్రంలో ఒక అడవి వెలిసిందని మేమంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆ అడవిలో చెట్లు లేవని నవ్వేవాళ్లు కొందరు. దానికి చెట్లు అక్కర్లేదు, గడ్డే దాని అడవి.

సుదాసరీ నుంచి బయటికొచ్చి సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం తిని, మధ్యాహ్నం రాబందులు చూడ్డానికి ఇంకోవైపు వెళ్లాం. అక్కడ నేల తీరు అదే, గడ్డి అదే. ఆకాశం మాత్రం వేరే. ఎటు చూసినా గాలిమరలు, సోలార్ పలకలు, వాటి నుంచి బయల్దేరిన లైన్లు. నాకు లైను కనపడితే కన్ను దానంతటదే పోతుంది. 33 కేవీ, ఆ వెనక పెద్ద టవర్లు, ఒకదాని వెనక ఒకటి మూడు నాలుగు వరసలు. ఒక చోట రెండు టవర్ల మధ్య, సరిగ్గా స్పాన్ నడుమ, గడ్డిలో ఏదో గోధుమ రంగులో పడి ఉంది. జీపు ఆపమన్నాను.

రాబందు. చచ్చి ఒకటి రెండు రోజులై ఉంటుంది. గైడు ఫోన్లో ఫొటో తీసి అటవీ శాఖ వాళ్లకు పంపాడు. నేను ముట్టుకోకుండా వంగి చూశాను. ముందు కాళ్లు చూశాను. గోళ్లు కాలలేదు. ఈకలు మాడలేదు. షాకు కొట్టిన పక్షి అయితే కాళ్ల దగ్గర గానీ రెక్క చివర గానీ కాలిన గుర్తు ఉంటుంది, పైగా స్తంభం మొదట్లో పడుతుంది, ఇన్సులేటరు దగ్గర. ఇది స్పాన్ మధ్యలో పడింది. కుడి రెక్క భుజం దగ్గర పూర్తిగా విరిగి వెనక్కి తిరిగిపోయి ఉంది. అంటే తీగను గుద్దుకుంది. తల ఎత్తి చూశాను. టవరు మీద కరెంటు పోయే కండక్టర్లు లావుగా ఉంటాయి, కనపడతాయి. వాటికి పైన, అన్నిటి కంటే ఎత్తున, పిడుగుల కోసం కట్టే ఎర్త్ వైరు ఉంటుంది. అది సన్నం. ఎండలో మనకే కనపడదు. పక్షి కండక్టరును చూసి, తప్పించుకుందామని పైకి లేచి, ఆ సన్న తీగకు తగులుతుంది. గైడుకు ఇది చెబితే, "బాబూజీ, మీరు పక్షుల సారా?" అని అడిగాడు. కాదు, తీగలు కట్టినవాణ్ణి అన్నాను.

బట్టమేక సంగతి ఇంకా కష్టం. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఎవరొస్తున్నారో చూడ్డానికి ఆ కళ్లు బాగా పనికొస్తాయి గానీ ఎదురుగా ఉన్నది సరిగ్గా ఆనదు. ఎగిరేటప్పుడు నేల వైపు చూస్తుంది. దగ్గరికొచ్చాక తీగ కనపడినా, అంత బరువున్న ఒళ్లును చటుక్కున పక్కకు తిప్పలేదు. లారీకి సడన్ బ్రేకు వేసినట్టే. భారత వన్యప్రాణి సంస్థ వాళ్లు తీగల కింద నడిచి లెక్కలు కట్టారు. ఎడారి పార్కు చుట్టుపక్కల 4,200 చదరపు కిలోమీటర్ల మేర ఏడాదికి సుమారు 84,000 పక్షులు తీగల వల్ల చనిపోతున్నాయని అంచనా వేశారు. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షి ఆ లెక్కలో నాలుగైనా పోతే మళ్లీ పూడేది ఎలా?

ఆ రాబందు దగ్గర నిలబడి నేను పిల్లకు చెప్పని సంగతి ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను. అభయారణ్యం ప్రకటించిన మర్నాటి ఏడాది, నేను కట్టిన 11 కేవీ లైను ఒకరోజు తెల్లవారుజామున ట్రిప్పయింది. ఎల్‌సీ (కరెంటు ఆపి లైను మీద పనిచేయడానికి ఇచ్చే అనుమతి) తీసుకుని లైను వెంట నడుచుకుంటూ పోతే, స్పాన్ మధ్యలో కింద పడి ఉంది. తెల్లటి మెడ, నల్లటి నెత్తి. ఇంకా వెచ్చగా ఉంది. మీదున్న రెండు తీగలు దాని దెబ్బకు ఒకదానికొకటి తగిలి లైను పోయింది. మేం గట్టు కింద గుంత తీసి పూడ్చి, తీగలు సరిచేసి, గంటలో కరెంటు ఇచ్చాం. సబ్‌స్టేషన్ రిజిస్టరులో కారణం రాయాలి. అందరూ రాసేదే నేనూ రాశాను: "బర్డ్ ఫాల్ట్". మా డ్యూటీలో వందల సార్లు రాసిన మాట అది, కాకికీ, గబ్బిలానికీ, పావురానికీ. ఫాల్ట్ అంటే లైనులో వచ్చిన లోపం అని అర్థం. కానీ చదివితే తప్పు పక్షిది అన్నట్టే ఉంటుంది. ఆ ఎంట్రీ కింద ఉన్నది నా సంతకం. ముప్పై ఏడేళ్ల సర్వీసులో నేను వెనక్కి వెళ్లి కొట్టేయాలనుకునే లైను అదొక్కటే.

నేను కరెంటు వద్దని రాయడం లేదు. ఆ మాట అనే హక్కు నాకు అసలే లేదు. మా పల్లెల్లో బోరు కింద నాలుగెకరాలు తడిసింది ఆ తీగల వల్లే. సోలారూ కావాలి, గాలిమరా కావాలి. మా పాత కర్నూలు జిల్లాలోనే గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో పూర్తయినప్పుడు ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకున్నాం, నేనూ చెప్పుకున్నాను. కానీ తీగ గాల్లోనే పోవాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. 11 కేవీ, 33 కేవీ లైన్లను భూమిలో వేయడం మాకు కొత్త పని కాదు. సిటీల్లో రోజూ చేస్తున్నదే. ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ, జాయింటు పోతే వెతకడం కష్టం, ఇవి నిజమే. 400 కేవీ పైన ఉన్న పెద్ద లైన్లు పొడుగునా కేబుల్ వేయడంలో సాంకేతికంగా ఇబ్బందులున్నాయి, అదీ నిజమే. కాబట్టి పెద్దవాటికి దారి మళ్లించాలి, చిన్నవాటిని పాతిపెట్టాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో మనుషుల కోసం చేసిన పనే, ఇక్కడ పక్షి కోసం చేయాలి.

సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. వన్యప్రాణి నిపుణులు ఎం.కె. రంజిత్‌సింగ్ వేసిన కేసులో, బట్టమేక తిరిగే ప్రాంతాల్లో తక్కువ వోల్టేజీ తీగల్ని భూమిలో వేయాలని, వేయలేని చోట పక్షులకు కనపడేలా బిళ్లలు తగిలించాలని 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి, ఏది సాధ్యమో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది. ఆ బిళ్లలు నేను చూశాను. గాలికి తిరుగుతూ మెరుస్తుంటాయి. కొన్ని క్లాంపులు వదులై, జారి, స్పాన్ నడుమ ఒక్కచోటే గుత్తిగా చేరి ఉన్నాయి. కట్టి వదిలేస్తే ఏ పనైనా అంతే, ఏడాదికోసారి లైను వెంట నడవాలి, బిగించాలి. బిళ్ల కట్టడం ఒక రోజు పని, దాన్ని కనిపెట్టి ఉండడం సర్వీసంతా పని.

ఇంకో సంగతి మనసుకు కొంచెం ఊరటనిచ్చింది. సమ్‌లో 2019 నుంచి బట్టమేక గుడ్లు సేకరించి, యంత్రంలో పొదిగించి, పిల్లల్ని పెంచుతున్నారు. రామ్‌దేవరా దగ్గర రెండో కేంద్రం ఉంది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టింది. లోపలికి ఎవర్నీ రానివ్వరు, బయటి నుంచే చూశాం. గైడు అన్నాడు, "పిల్లలు పెరుగుతున్నాయి బాబూజీ, రేపు వదలాలంటే ఎక్కడ వదులుతారు? తీగలు లేని గడ్డి చూపించండి." తిరుగు దారిలో సమ్ దిబ్బల దగ్గర లౌడ్‌స్పీకర్లు మొదలయ్యాయి, ఒంటె బండ్లు వరస కట్టాయి. మేం ఆగలేదు. పిల్ల నా ఒళ్లో తల పెట్టి పడుకుంది, నాకు మాత్రం ఆ కుర్రాడి ప్రశ్న వదల్లేదు. తీగలు లేని గడ్డి.

ఫిబ్రవరిలో ఇంటికొచ్చిన వారానికే బండి వేసుకుని రోళ్లపాడు వెళ్లాను. రిటైరయ్యాక అటు పోనేలేదు. వాచ్ టవరు ఉంది, బోర్డు మీద బట్టమేక బొమ్మ ఉంది. పక్షి లేదు. ఎందుకు పోయిందో ఊళ్లో ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు, అన్నీ నిజాలే. కాలువ నీళ్లొచ్చి జొన్న, కొర్ర వేసే చేలు పోయాయి, పత్తి, పొగాకు వచ్చాయి. పురుగుమందు వచ్చింది. పురుగులేని చేలో బట్టమేకకు తిండేముంది? చుట్టూ ఉన్న బీళ్లన్నీ దున్నేశారు. కంచె వేసి మేత ఆపారు, లోపల కృష్ణ జింకలు పెరిగాయి, అవి రాత్రిళ్లు చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు పరిహారం రావడం ఆలస్యమైతే అతనికి ఆ అడవి మీద ప్రేమ ఎలా ఉంటుంది? నాతో మాట్లాడిన రైతు ఒకరు, "మాకు ఆ పిట్ట మీద కోపం లేదన్నా, అది మాకేం చెడుపు చేయలేదు" అన్నాడు. ఆ మాట అధికారులు వినాలి.

అయినా ఆ గడ్డి ఉంది. పొద్దుగూకే వేళకు నాలుగు దిక్కుల నుంచీ సన్నరెక్కల గడ్డి గద్దలు నేల మీద ఆనుకున్నట్టు తేలుతూ వచ్చి, ఒకటొకటిగా గడ్డిలో దిగాయి. ఆకాశంలో మిగిలిన వెలుగు పోయేదాకా వస్తూనే ఉన్నాయి. అవి కూడా చలికాలం వేరే దేశాల నుంచి వచ్చి రాత్రి నిద్రకు ఆ గడ్డినే నమ్ముకున్నవి. పదిహేను వందల ఎకరాల బీడు అని మన రికార్డుల్లో రాసుకునే చోటు అది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రోళ్లపాడు అభయారణ్యం హద్దు చుట్టూ ఉన్న 11 కేవీ, వ్యవసాయ ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్లను భూమిలోకి దించండి. పక్షి వచ్చాక కాదు, రాకముందే. పక్షి లేనప్పుడు తీగ ఎందుకు తీయాలి అంటారు. తీగ ఉన్నప్పుడు పక్షిని ఎలా తెస్తారు? రాజస్థాన్‌లో పెరుగుతున్న పిల్లలకు రేపు ఇంకో చోటు వెతికితే, ఇక్కడ సిద్ధంగా ఉందని చెప్పగలగాలి. ఆ గడ్డిలో మొక్కలు నాటే కార్యక్రమాలు పెట్టకండి, చెట్టు పెడితే అక్కడ దాని చూపు ఆగిపోతుంది. జొన్న, కొర్ర వేసే రైతుకు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో గిట్టుబాటు చూపించండి. జింకలు తిన్న పంటకు ఆ సీజన్‌లోనే డబ్బివ్వండి. ఊరి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించండి. మీ పత్రిక వాళ్లు ఒక్కసారి విలేఖరిని పంపి, ఆ లైన్లను ఫొటోలు తీసి వేయండి. ఇసుక తప్ప ఏమీ లేదు, గడ్డి తప్ప ఏమీ లేదు అనే మాటలు రాసేముందు అక్కడ ఒక పొద్దు కూర్చోమని చెప్పండి.

ఆ లైన్లలో చాలావాటి స్తంభాలు మేం నిలబెట్టినవే. ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏది ఎటు పోతుందో, ఏ స్పాన్ దగ్గర నేల మెత్తనో, ఎక్కడ తవ్వితే రాయి తగులుతుందో నాకు ఇప్పటికీ గుర్తుంది. శాఖ తరఫున గానీ అటవీ శాఖ తరఫున గానీ ఎవరైనా సర్వేకు వస్తే నేను వెంట తిరుగుతాను, పైసా అక్కర్లేదు. 1989లో ఆ పక్షిని పూడ్చిన గట్టు కూడా చూపిస్తాను, దాని పక్క స్తంభం ఇంకా అక్కడే ఉంది. పొద్దున ఆరింటికల్లా బయల్దేరితే మంచిది, ఎండ ఎక్కితే ఆ బయల్లో నీడ దొరకదు. వేసవి సెలవులకు మనవరాలు వస్తోంది, అది కూడా మాతో వస్తానంటోంది.

ఇట్లు,
విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
నందికొట్కూరు, నంద్యాల జిల్లా.